బొమ్మలపుస్తకములో శత్రువు

యుద్ధము వచ్చినప్పుడు రాజ్యము ప్రజలయొద్దనుండి మూడు వస్తువులను గ్రహించును. యువకుల దేహములను సైన్యమునకు గ్రహించును. గృహస్థుల ధనమును పన్నులుగను, ఋణములుగను గ్రహించును. బాలుర మనస్సులను బొమ్మలపుస్తకముల మూలమున గ్రహించును. మొదటి రెండింటికి లెక్కలు కలవు. మరణించిన సైనికుని పేరు శిలపై చెక్కుదురు. తీసికొన్న ఋణమును వడ్డీతో తీర్తురు. మూడవదానికి లెక్కయే లేదు. ఎనిమిదేండ్ల బాలుని మనస్సులో నాటిన ద్వేషము యుద్ధము ముగిసిన పిమ్మట ఏమయ్యెనని విచారించు కార్యాలయము ఏ దేశమునను కానము. సంధిపత్రముపై చేవ్రాలు చేసిన మంత్రులు సైన్యములను వెనుకకు పిలువగలరు గాని, ఆ ద్వేషమును వెనుకకు పిలువజాలరు.

కావున విచారింపదగిన ప్రశ్న యిది. యుద్ధము న్యాయమైనదే యనుకొందము. శత్రువు దుర్మార్గుడే యనుకొందము. అప్పుడైనను ఆ యుద్ధముకొఱకు పసివాని ఊహాశక్తిని సైన్యములో చేర్చుకొనుట ధర్మమా? అన్యాయపు యుద్ధమునుగూర్చి వాదమక్కఱలేదు. దానికి పెద్దలను పిలుచుటయే పాపమైనప్పుడు పిల్లలను పిలుచుటనుగూర్చి చెప్పనేల? చిక్కంతయు న్యాయమైన యుద్ధముతోనే.

బొమ్మకును వ్రాతకును ఒక ముఖ్యభేదము కలదు. వ్రాత వాదింపవలసియుండును. ఫలానా దేశమువారు క్రూరులని వ్రాసినచో, ఏల యని చదువరి యడుగును. వ్రాసినవాడు ఏదో యొక కారణము చూపవలయును. ఆ కారణము చాలదని చదువరి త్రోసివేయవచ్చును. బొమ్మలో "ఏలయన" అను మాటకు చోటు లేదు. కోరలు, గోళ్లు, వంకరచూపు గీసినచో తీర్పు ముగిసినది; విచారణ మాత్రము జరుగలేదు. అక్షరములు రాని నాలుగేండ్ల బిడ్డయు ఆ తీర్పును చదువగలదు.

వార్తాపత్రికలలో వ్యంగ్యచిత్రములు లేవా, వానివలన పెద్దలు చెడిపోయిరా యని యొకరు అడుగవచ్చును. పెద్దవాడు వ్యంగ్యచిత్రమును చూచి నవ్వుటకు కారణము, అతడు అసలు మనుష్యుని ఎఱిగియుండుటయే. ఆ ముక్కు అంత పొడవు కాదనియు, చిత్రకారుడు దానిని పెంచినాడనియు అతనికి తెలియును. తెనాలిలోగాని రేపల్లెలోగాని పెరుగు బిడ్డ జర్మనుని, జపానువానిని, చైనావానిని మొట్టమొదట చూచుట బొమ్మలోనే. అసలును ఎఱుగనివానికి వ్యంగ్యమే అసలగును. పెద్దవానికి అతిశయోక్తిగ తోచినది పిల్లవానికి భూగోళపాఠమగుచున్నది.

ఈ సంగతిని జర్మనీదేశపు ద్వేషప్రచారకులు చక్కగా గ్రహించిరి. 1938లో జూలియస్ స్ట్రైఖరు ప్రచురణాలయమునుండి "విషపు పుట్టగొడుగు" అను నర్థముగల పేరుతో ఒక పిల్లల బొమ్మలపుస్తకము వెలువడెను. వ్రాసినవాడు ఎర్నెస్టు హీమరు. బొమ్మలు గీసినవాడు ఫిప్స్ అను మాఱుపేరుగల ఫిలిప్ రూప్రెఖ్టు. అందు తల్లియు కుమారుడును అడవిలో పుట్టగొడుగులు ఏరుచుందురు. పుట్టగొడుగులలో మంచివి, విషపువి యున్నట్లే మనుష్యులలోను మంచివారు, విషపువారు కలరనియు, ఆ విషపువారు యూదులనియు తల్లి బోధించును. ఎంత సౌమ్యమైన దృశ్యము! ఆయుధము లేదు, రక్తము లేదు. తల్లి, బిడ్డ, అడవి, బుట్ట. పిల్లవానికి లోకములో మిక్కిలి నమ్మదగిన కంఠము ఏదియో ఆ కంఠముతోనే ద్వేషము పలుకుచున్నది. ఆ యేడే నవంబరులో జర్మనీయందంతటను యూదుల దుకాణములను, ప్రార్థనామందిరములను ధ్వంసము చేసిరి. పిమ్మట వచ్చిన యుద్ధకాలమున యూరపుఖండమున 60 లక్షల యూదులు వధింపబడిరి. వారిలో సుమారు 15 లక్షలమంది పిల్లలు. యుద్ధానంతరము నూరెంబర్గు విచారణలో ఈ బొమ్మలపుస్తకమును సాక్ష్యముగ న్యాయాధిపతుల యెదుట నుంచిరి. 1946 అక్టోబరులో స్ట్రైఖరును ఉరితీసిరి. అతనిపై నిలిచిన నేరము సేనలను నడిపిన నేరము కాదు. ద్వేషమును వ్రాసి, అచ్చువేసి, పంచిపెట్టిన నేరము.

జపానువారు క్రొత్త కథ కల్పింపలేదు. అవ్వలు చెప్పు పాతకథనే తీసికొనిరి. మొమొతారో యను బాలుడు పండులోనుండి పుట్టును. కుక్కను, కోతిని, నెమలిజాతి పక్షి నొకదానిని తోడుచేసికొని రాక్షసుల దీవికి పోయి వారిని జయించి వచ్చును. మన కాశీమజిలీ కథలవంటి కథ. దానివలన ఎవరికిని కీడు లేదు. నౌకాదళ మంత్రిత్వశాఖ ప్రోత్సాహమున మిత్సుయో సెయో యను దర్శకుడు ఈ కథను బొమ్మల చలనచిత్రములుగ తీసెను. 1943 నాటి చిత్రములో రాక్షసుల దీవి అమెరికావారి పెరల్ హార్బరు రేవుగ మాఱెను. 1945 నాటి చిత్రములో రాక్షసులు తెల్లదొరలైరి. అందు దక్షిణపు దీవులలోని జంతువులకు జపాను సైనికులు అక్షరములు నేర్పు పాఠశాల దృశ్యమును, పాటయు కలవు. చూచుటకు ముచ్చటగా నుండును. ఇతర దేశములను ఆక్రమించుట పిల్లవానికి పలకపై ఓనమాలు దిద్దించుటవలె కనబడునట్లు చేసిన నేర్పు అది. ఆ చిత్రము 1945 ఏప్రిలులో ప్రదర్శింపబడెను. ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములు భస్మమయ్యెను.

ఇవి అన్యాయపు పక్షమువారి చేతలు. న్యాయపక్షమువారి సంగతి యేమి? 1941 మార్చి తేదీతో అమెరికాలో "కెప్టెన్ అమెరికా" అను కామిక్ పుస్తకపు మొదటి సంచిక వెలువడెను. దాని అట్టపై నాయకుడు హిట్లరు మొగమున ముష్టిఘాతము కొట్టుచుండును. అప్పటికి అమెరికా యుద్ధములో దిగలేదు. దానిని సృష్టించిన జో సైమన్, జాక్ కర్బీ లిరువురును యూదుల కుటుంబములవారు. సముద్రమున కావల తమవారికి జరుగుచున్నదేమో తెలిసినవారు. ఈ బొమ్మను తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. హిట్లరు ఒక మనుష్యుడు. అతనికి పేరు కలదు, అతడు చేసిన కార్యములు కలవు. ఆ కార్యములకు ఆ గ్రుద్దు తక్కువయే కాని యెక్కువ కాదు.

అయితే ప్రచారము అచట ఆగలేదు. అమెరికా యుద్ధములో దిగిన పిమ్మట రచయితల యుద్ధమండలి యని యొకటి యేర్పడి ప్రభుత్వ సాహాయ్యముతో పనిచేసెను. 1943 నుండి అది కామిక్ పుస్తకముల ప్రచురణకర్తలకు కథలు ఎట్లుండవలయునో సూచించుచుండెను. శత్రుదేశపు నాయకులను మాత్రమే దుష్టులుగ చూపుట చాలదనియు, ఆ జాతులే యుద్ధోన్మాదముగలవని చూపవలయుననియు దాని కోరిక. ఇందులోని వింత యేమనగా, ఆ మండలియే తన దేశములోని నల్లవారిపట్ల వర్ణద్వేషము కూడదని బోధించు కథలనుగూడ ప్రోత్సహించెను. ఒక చేతితో ద్వేషమును కడుగుచు మఱియొక చేతితో పూయుచుండెను. ఆ కాలపు కామిక్ పుస్తకములలో జపానువారు పొడుగు పండ్లతో, పసుపురంగుతో, కోతులవలెను పాములవలెను కనబడుదురు. అచట హిట్లరునకువలె పేరుగల మనుష్యుడు లేడు. ముఖము మాత్రమే కలదు.

ఈ రెండు బొమ్మలకు గల భేదమే మన ప్రశ్నకు తాళపుచెవి యని నా యభిప్రాయము. చేసినవానిని, చేసిన పనిని చూపు బొమ్మ కఠినముగ నున్నను సత్యమునకు లోబడియుండును. ఆ పని జరిగినదా లేదా యని విచారింపవచ్చును. జాతిని, ముఖమును చూపు బొమ్మ ఏ విచారణకును లోబడదు. ఒక పని చేసినవాడు ఒక్కడు. ఆ ముఖము గలవారు కోట్లకొలది.

ఇంకొక సంగతి గమనింపవలయును. ఈ బొమ్మలను శత్రుసైనికుడు చూడడు. అతడు వేలమైళ్ల దూరముననున్నాడు. ఆ పుస్తకము అతనికి అందదు. అతనికి దానివలన ఒక గాయమును కాదు. ఆ ముఖమును పోలిన పొరుగువాడు మాత్రము అదే వీథిలో నున్నాడు. 1942 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రూజువెల్టు ఉత్తరువు చేయగా, పశ్చిమతీరమున నివసించు జపాను సంతతివారు సుమారు 1,20,000 మందిని ఇండ్లనుండి లేవదీసి ముండ్లతీగల నడుమ నిర్బంధ శిబిరములలో నుంచిరి. వారిలో మూడింట రెండువంతులు అచ్చటనే పుట్టిన పౌరులు, పిల్లలు వేలకొలది. బొమ్మలపుస్తకములే ఈ పని చేసినవనుట అతిశయోక్తి. కాని అంతమందిని విచారణ లేక బంధించుచుండగా ఇరుగుపొరుగువారు ఊరకుండుటకు మనస్సు ముందే తయారై యుండవలయును గదా. ఆ యేడే మిల్టన్ కానిఫ్ అను ప్రసిద్ధ కామిక్ చిత్రకారుడు, జపానువానిని చైనావానినుండి గుర్తుపట్టుట యెట్లో చూపు బొమ్మలు సైనికుల చేతిపుస్తకమునకు గీసి యిచ్చెను. కాళ్లవ్రేళ్ల నడుమ సందు మొదలుకొని నడకవఱకు అందు కలవు. మిత్రుడెవరో శత్రువెవరో తెలిసికొనుటకు ఒకని పాదములు చూడవలసిన దశ వచ్చినచో, అది యుద్ధవిద్య కాదు, మతిభ్రమణము. 1988లో అమెరికా శాసనసభ ఆ నిర్బంధమునకు క్షమాపణ చెప్పి, బ్రతికియున్నవారికి పరిహారమిచ్చెను. నాడు ఎనిమిదేండ్ల పిల్లవానిగ శిబిరమునకు పోయినవాడు అప్పటికి ఏబదినాలుగేండ్లవాడు.

ఇది పరదేశముల పాపమని మనము ఊరటపడరాదు. 1962లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు మన ప్రభుత్వము మన దేశమున తరతరములుగ కాపురమున్న చైనా సంతతివారిని సుమారు 3,000 మందిని రాజస్థానములోని దేవలీ శిబిరమున నిర్బంధించెను. వారిలో వృద్ధులు, స్త్రీలు, పిల్లలు కలరు. కొందఱు ఏండ్లతరబడి అచ్చటనే యుండిరి. వారు చేసిన నేరము వారి ముఖము.

ఇక మన తీరమునకు వత్తము. 1942వ సంవత్సరము తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి ఈ ధర్మసూక్ష్మమును ఎవరును బోధింపకయే బోధించినది. ఆ యేడు ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను. తీరమంతయు తల్లడిల్లెను. నాలుగు నెలలు గడచెను. ఆగస్టు 12వ తేదీన, క్విట్ ఇండియా ఉద్యమములో తెనాలి ప్రజలు రైలుస్టేషనువద్ద తిరుగబడగా, జపానువారితో పోరాడుచున్న ప్రభుత్వమే వారిపై తుపాకులు కాల్పించెను. ఏడుగురు మరణించిరి. వారి స్మారక స్తంభములు తెనాలి రణరంగచౌకులో నేటికిని కలవు.

ఆ యేడు తెనాలి బాలునికొక బొమ్మలపుస్తకము తయారుచేయవలసివచ్చినచో, చిత్రకారుడు కోరలు ఎవరికి పెట్టవలయును? బాంబులు వేసినవారికా, తుపాకి కాల్పించినవారికా? ప్రభుత్వమువారి చిత్రకారుడు మొదటివారికి పెట్టును; జపానువారి చిత్రకారుడు రెండవవారికి పెట్టును. ఇద్దఱును సగము నిజమే చెప్పినవారగుదురు. ఆ సగము నిజమువలన బాలునికి మిగులునది రెండు ముఖములపై ద్వేషము. ఏ పని యెందుకు తప్పో అను జ్ఞానము కాదు. నిరాయుధులపై బాంబు వేయుట తప్పు, నిరాయుధులపై తుపాకి కాల్చుట తప్పు అని చెప్పినచో నిజము పూర్తియగును. అందులో ఏ జాతిపేరును అక్కఱలేదు.

రేపల్లె సమీపమున నిజాంపట్టణపు రేవు కలదు. 1611లో ఆంగ్ల వర్తకులు మన తీరమున మొదట దిగిన రేవులలో అది యొకటి. నాడు ఆ తెల్లముఖము వర్తకుని ముఖము. తరువాత అది పరిపాలకుని ముఖమయ్యెను; 1942లో తెనాలికి వైరిముఖమయ్యెను; 1947 తరువాత అతిథిముఖమయ్యెను. మూడువందల యేండ్లలో ముఖము మాఱలేదు, పని మాఱినది. ముఖమును నమ్ముకొని పాఠము చెప్పిన గురువు ఈ నాలుగు కాలములలోను శిష్యుని మోసపుచ్చినవాడే యగును. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినప్పుడు మన పెద్దలు ఆంధ్రులమను అభిమానమును మేల్కొలిపిరి. తనవారిని ప్రేమించుటకు పొరుగువాని ముఖమునకు మసి పూయ నక్కఱలేదనుటకు ఆ సభయే సాక్షి.

మన భాషలో పిల్లల పత్రికల చరిత్ర చూచినచో, ఈ విషయమున మనకు ఒక అదృష్టము కలిగినది. న్యాయపతి రాఘవరావుగారి "బాల" 1945 ఆగస్టులో, యుద్ధము ముగియు నెలలో వెలువడెను. "చందమామ" 1947 జూలైలో వెలువడెను. దానిని నాగిరెడ్డిగారితో కలసి మదరాసున స్థాపించిన చక్రపాణిగారు తెనాలివారు. 1952 నుండి 1980లో మరణించువఱకు దానిని దిద్దితీర్చిన కొడవటిగంటి కుటుంబరావుగారు తెనాలివారు. అందు ధారావాహికలు వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారు తెనాలి ప్రాంతపు పెదగాదెలవర్రు గ్రామమువారు. ఆ పత్రిక నేడు వెలువడుటలేదు గాని, దానిలోని రాక్షసులను మూడుతరములవారు ఎఱుగుదురు. వారు భయంకరులే, కోరలు, కొమ్ములు, గుహలు, మంత్రములు అన్నియు కలవు. అయినను ఆ రాక్షసులవలన ఏ పొరుగువానికిని హాని కలుగలేదు. ఏలయన, ఆ రాక్షసునికి ఊరు లేదు. కథ ముగిసినతోడనే అతడు గుహతో సహా మాయమగును. మఱునాడు బడికి పోవు పిల్లవాడు ఆ ముఖమును ఏ వీథిలోను వెదుకడు. భయము పిల్లవానికి చెఱుపు కాదు. భయమునకు పొరుగువాని చిరునామా నిచ్చుట చెఱుపు.

ఇచట తెనాలియందే పుట్టిన యొక గొప్ప ఆక్షేపణను వినవలయును. బారిష్టరు చదివి, తెనాలిలో నివసించి, ఆ పురపాలక సంఘమునకు అధ్యక్షత వహించిన త్రిపురనేని రామస్వామిచౌదరిగారు (1887-1943) "సూతపురాణము", "శంబూకవధ" మొదలగు గ్రంథములలో మన పురాణములనే బోనులో నిలువబెట్టిరి. రాక్షసులని మీరు చెప్పుచున్నవారు ఊరులేనివారు కారు. ఈ దేశములోనే యుండి ఓడిపోయిన ప్రజలు. గెలిచినవారు వారికి కోరలు పెట్టిరి. అదియే ఆయన వాదపు సారము. ఆయన చరిత్ర నిర్ణయములన్నియు నిలుచునా నిలువవా యనుట పండితుల పని. కాని ఆయన వేసిన ప్రశ్న నిలుచును. పాతకథయైనంతమాత్రమున అది ప్రచారము కాకపోదు. మొమొతారో కథకు యుద్ధకాలములో పట్టిన గతియే మనకథకు పూర్వము పట్టియుండవచ్చును, ఇకముందు పట్టవచ్చును. ఊరులేని రాక్షసునికి ఏనాడైనను ఎవడైనను వచ్చి ఊరు పెట్టగలడు. ఒక కులముపేరో, ఒక మతముపేరో, ఒక దేశముపేరో తగిలించుట చిత్రకారునికి అరనిమిషపు పని; తలపై టోపియో, గడ్డమో, బొట్టో గీసిన చాలును. కావున రాక్షసకథలు చెప్పు పెద్దలు నిరంతరము కావలి కాయవలసినది ఆ అరనిమిషమునే.

మహాభారతమును పిల్లలకు చెప్పుటలేదా, అది యుద్ధకథ కాదా యని కొందఱందురు. చెప్పవలసినదే. అందలి శత్రువు పరాయివాడు కాడు, పెదతండ్రి కొడుకు. దుర్యోధనుడు దుర్మార్గుడైనను పిఱికివాడు కాడు. కర్ణుడు శత్రుపక్షమున నుండియు విననివారిచే కన్నీరు పెట్టించును. యుద్ధము ముగిసిన పిమ్మట జయభేరి మ్రోగింపక, కవి మనలను రణభూమిలో విలపించు గాంధారియొద్దకు, స్త్రీలయొద్దకు కొనిపోవును. గెలిచిన ధర్మరాజు రాజ్యము నాకొద్దని కుమిలిపోవును. అంతటి యుద్ధమును చెప్పి శత్రువు ముఖమును చెఱుపని గ్రంథము మన యిండ్లలో నుండగా, యుద్ధకథ చెప్పవలెనన్న ద్వేషము తప్పదనుట సోమరితనము.

ఇంకొక ఆక్షేపణ మిగిలియున్నది; ఇదియే బలమైనది. దేశముకొఱకు ప్రాణమిచ్చినవారి శౌర్యమును పిల్లలకు చెప్పవలదా? శత్రువు చేసిన క్రూరత్వమును దాచిపెట్టి వారిని అమాయకులుగ పెంచుదుమా? అట్టి అమాయకుడే రేపు దుర్మార్గునకు లొంగిపోడా? ఈ ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు. 1930లలో యూరపులో అనేకులు కీడును కీడని చెప్ప వెనుకాడుటవలననే కీడు పెరిగినది. పిల్లవానిని తటస్థునిగ పెంచుట ధర్మము కాదు. ఇంటిలో దొంగ పడినప్పుడు దొంగకును యజమానికిని నడుమ మధ్యస్థముగ నుండుమని ఏ తండ్రియు నేర్పడు.

నేను కోరునది తటస్థత కాదు, కచ్చితత్వము. శౌర్యమును చూపుటకు ఎదుటివానిని పురుగుగ గీయనక్కఱలేదు. పురుగును చంపుటలో శౌర్యమేమున్నది? 1967లో అనంత్ పాయిగారు ప్రారంభించిన "అమర చిత్ర కథ" ప్రచురణకర్తలు 2015లో పరమవీరచక్ర గ్రహీతల కథలను బొమ్మలపుస్తకముగ ప్రకటించిరి. అట్టి పుస్తకములు పిల్లల చేతికి రావలసినవే. వానినిగాని, మఱి యే దేశపు వానినిగాని పరీక్షించుటకు ఒక చిన్న తూనిక చాలును. ఈ బొమ్మను శత్రుదేశపు బాలుడు చూచినచో ఏమనుకొనును? "మావారు చేసిన ఆ పని తప్పు, వారి సైనికుడు ధీరుడు" అని యతడు తలవంచగలిగినచో ఆ బొమ్మ సత్యము. "వీరు నన్నే పురుగుగ గీసిరి" అని యతడు తల యెత్తినచో, ఆ బొమ్మ మఱియొక యుద్ధమునకు విత్తనము.

ఈ తూనికకు నిలిచిన పుస్తకములు కలవు. హిరోషిమాలో ఆఱేండ్ల వయస్సున అణుబాంబునుండి బ్రతికి బయటపడిన కేజీ నకజావా, 1973 నుండి తన యనుభవమును "వట్టికాళ్ల గెన్" అను నర్థముగల పేరుతో బొమ్మలకథగ ప్రకటించెను. అందు బాంబు చేసిన ఘోరము దాచలేదు. దానికంటె ముందు, యుద్ధము వలదన్న తండ్రిని తన ఊరివారే దేశద్రోహి యని హింసించుటనుగూడ దాచలేదు. బాధితుడై యుండియు తనవారి తప్పును తన పిల్లలకు చూపగలిగిన కథ అది. అమెరికా బాలుడును, జపాను బాలుడును, తెనాలి బాలుడును దానిని చూడవచ్చును. ఏ బాలుడును తన ముఖము చెఱుపబడినదని యనుకొనడు.

ఇక గృహస్థులు చేయవలసినదేమి? బొమ్మలను నిషేధించుట నా మతము కాదు. నిషేధించిన బొమ్మ రుచి యెక్కువ. మన ప్రాంతపు కళయే మనకు మార్గము చూపుచున్నది. గుంటూరుజిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజరుగారు బుఱ్ఱకథకు దేశమంతట పేరు తెచ్చిరి. 1940లలో ప్రజానాట్యమండలి దళములు ఆ కథలను ఊరూర చెప్పినవి. అవియు ప్రచారమే, అందులో దాపరికము లేదు. కాని బుఱ్ఱకథలో ఒక విశేషము కలదు. కథకునికి ఇరువైపుల ఇరువురు వంతలుందురు. ఒకడు హాస్యము చేయును; మఱియొకడు రాజకీయము మాటలాడును. కథకుడు ఆవేశమున పైకి పోవునప్పుడు వంత అడ్డుపడి, అదెట్లు, ఎందుచేత, నీవు చూచితివా యని యడుగును. జనము నవ్వుదురు, నవ్వుచు ఆలోచింతురు. కథ యెంత వేగముగ పోయినను నడుమ ప్రశ్నకు చోటున్నది. తెనాలిపేరు మోసిన రామకృష్ణుని కథలను పిల్లలు నేటికిని ప్రేమించుట యందుకే గదా. రాజసభలో అందఱు తలయూపుచుండగా ప్రశ్నించినవాడు అతడొక్కడే.

బొమ్మకు వంత లేడు. ఆ వంత తల్లి కావలయును, తండ్రి కావలయును, బామ్మ కావలయును. నేడు బొమ్మలు పుస్తకములలో మాత్రమే లేవు. యుద్ధపు ఆటలుగను, కదలు బొమ్మలుగను చేతిలోని ఫోనులోనికి వచ్చుచున్నవి. ఎక్కడనో యుద్ధము మొదలైన గంటలో శత్రువు ముఖము పిల్లవాని ఒడిలో నుండును. స్ట్రైఖరుకు అచ్చుకూటము కావలసివచ్చెను; నేటివారికి అదియు అక్కఱలేదు. పక్కన ప్రశ్నించువాడు మాత్రము నాటికిని నేటికిని ఒక్కడే కావలయును.

ఆ ప్రశ్నలు పాండిత్యముతో కూడినవి కానక్కఱలేదు. ఇతడేమి చేసెను? ఇతడొక్కడే చేసెనా, ఇతని ఊరివారందఱు చేసిరా? ఇతనికి నీ ఈడు చెల్లెలు ఉన్నచో ఆమె ఏమి చేసెను? మన వీథిలో ఈ బొమ్మను పోలినవారు ఎవరైన కలరా, వారు మనకేమి చేసిరి? ఈ బొమ్మ గీసినవానికి డబ్బు ఎవరిచ్చిరి? ఈ ఐదు ప్రశ్నలను భోజనమువద్ద నవ్వుచు అడిగినను చాలును. పిల్లవాడు సమాధానము చెప్పలేకపోయినను నష్టములేదు. బొమ్మలో చోటులేని "ఏలయన" అను మాటకు అతని మనస్సులో చోటేర్పడును.

రాజ్యము యువకుని దేహమును అడిగినప్పుడు, అది న్యాయయుద్ధమైనచో, ఇచ్చుట ధర్మము కావచ్చును. ఆ యువకుడు తెలిసి యిచ్చుచున్నాడు. ధనము నడిగినప్పుడు గృహస్థుడు తెలిసి యిచ్చుచున్నాడు. పిల్లవాడు తెలిసి యిచ్చుటలేదు; తెలియని వయస్సున అతనినుండి తీసికొనుచున్నారు. తెలియనివానియొద్దనుండి తీసికొన్నదానిని ఏ ధర్మశాస్త్రమును దానమనదు. అతని తరపున "వలదు" అనగలవారు ఆ యింటి పెద్దలే. యుద్ధమునకు మన యింటినుండి ఏమి పోయినను పోవచ్చును గాని, పొరుగువాని ముఖమును చూచి భయపడని పసివాని చూపు మాత్రము పోరాదు. అది పోయిన యింటికి విజయవార్త వచ్చినను, ఆ విజయమును అనుభవించు మనుష్యుడు ఆ యింటిలో పెరుగడు.